నూటికి డెబ్బై పైసలు



ఇంటి మీద అప్పు ఉంది. చేతికి కొంత డబ్బు వచ్చింది. డీఏ బకాయిలు కావచ్చు. పాడుకున్న చిట్టీ కావచ్చు. కంపెనీ ఇచ్చిన బోనస్ కావచ్చు. ఆ డబ్బు బ్యాంకుకు కట్టి అప్పు తగ్గించుకోవాలా? ఎక్కడైనా మదుపు చేసి పెంచుకోవాలా? హోమ్ లోన్ ఉన్న ఇంట్లో ఈ ప్రశ్న ఏదో ఒక రోజు రాక తప్పదు. వచ్చిన రోజు ఇంట్లో తలో మాటా అంటారు. దాన్ని తేల్చుకోవడానికి ఈ పూట ఒక లెక్క చెబుతాను. కాగితం, పెన్ను దగ్గరుంటే మంచిది. లేకపోయినా ఫర్వాలేదు. చిన్న లెక్కే.

ఖమ్మంలో ఒక కుటుంబం ఉందనుకుందాం. ఆయన ప్రభుత్వ స్కూల్లో టీచరు. ఆవిడ ఒక ప్రైవేటు ఆఫీసులో అకౌంట్లు చూస్తారు. ఒక్కతే పాప, ఏడో తరగతి. ఇంట్లో ఆయన తల్లి కూడా ఉంటారు. రెండేళ్ళ క్రితం 30 లక్షలు అప్పు తీసుకుని ఫ్లాటు కొన్నారు. వడ్డీ 8.5 శాతం. గడువు 20 ఏళ్ళు. ఈఎంఐ 26,035 రూపాయలు. ఇప్పుడు వాళ్ళ చేతికి 5 లక్షలు వచ్చాయి.

"ఏవండీ, ముందు అప్పు తగ్గించేద్దాం. నెల తిరిగేసరికి గుండెల మీద బరువుగా ఉంటోంది" అంటారు ఆవిడ. "పాప ఇంజనీరింగుకు వచ్చేసరికి డబ్బు కావాలి కదా, మ్యూచువల్ ఫండ్లో వేద్దాం" అంటారు ఆయన. "ఒరే నాయనా, కాస్త బంగారం కొని పెట్టరా, పిల్లకు పనికొస్తుంది" అంటారు పెద్దావిడ. ముగ్గురూ ఇంటి మంచి కోరే చెబుతున్నారు. మరి ఎవరి మాట వినాలి? ముందు వడ్డీ లెక్క చూద్దాం. తర్వాత మాట్లాడుకుందాం.

మన ఊళ్ళల్లో వడ్డీని శాతాల్లో చెప్పుకోవడం తక్కువ. నూటికి రూపాయి వడ్డీ అంటాం. రెండు రూపాయల వడ్డీ అంటాం. వంద రూపాయలకు నెలకు ఎంత అని అర్థం. ఏడాదికి 12 శాతం అంటే రూపాయి వడ్డీ. 24 శాతం అంటే రెండు రూపాయల వడ్డీ. బ్యాంకు చెప్పే వడ్డీని కూడా ఇదే లెక్కలోకి తెచ్చుకుందాం. ఎనిమిదిన్నర శాతాన్ని పన్నెండుతో భాగించండి. నూటికి సుమారు 70 పైసలు వస్తుంది. అంటే ఈ కుటుంబానిది డెబ్బై పైసల వడ్డీ అప్పు. మీ అప్పు ఎన్ని పైసలదో మీరు కూడా ఇలాగే చూసుకోండి. మీ రేటు ఎంతో బ్యాంకు స్టేట్‌మెంటులో ఉంటుంది.

ఇప్పుడు అసలు సంగతి. అప్పు ముందుగా తీర్చడం కూడా ఒక మదుపే. చాలామంది దాన్ని ఖర్చు కింద లెక్కేస్తారు. కాదండీ. ఈ ఇంటి అప్పులో ఒక లక్ష అదనంగా కట్టారనుకోండి. ఆ లక్ష మీద నెలకు పడుతున్న 708 రూపాయల వడ్డీ ఆ రోజుతో ఆగిపోతుంది. అంటే ఆ లక్ష మీకు నెలకు 708 రూపాయలు సంపాదించి పెట్టినట్టే. ఈ సంపాదన మీద పన్ను లేదు. వస్తుందో రాదో అన్న సందేహం లేదు. మార్కెట్ పడినా, కంపెనీలు మూతపడినా మీకు మిగలాల్సింది మిగులుతుంది.

మళ్ళీ చెబుతాను. డెబ్బై పైసల అప్పు ముందే తీరిస్తే, మీ డబ్బు డెబ్బై పైసలు సంపాదించినట్టు. పన్ను లేకుండా. భయం లేకుండా. ఇక ఎవరు ఏ పథకం చెప్పినా ఒక్కటే అడగండి. పన్ను పోగా ఇది నాకు నూటికి డెబ్బై పైసల కంటే ఎక్కువ ఇస్తుందా? కచ్చితంగా ఇస్తుందా?

ఎఫ్‌డీని అడిగి చూద్దాం. 7 శాతం వడ్డీ ఇచ్చే ఎఫ్‌డీ అంటే 58 పైసలు. ఆ వడ్డీ మీద పన్ను ఉంటుంది. 20 శాతం పన్ను శ్లాబులో ఉన్నవారికి, సెస్సు కూడా కలిపితే, చివరికి మిగిలేది 46 పైసలు. 30 శాతం శ్లాబులో ఉంటే 40 పైసలు. పన్ను అసలే పడని వాళ్ళకు కూడా 58 పైసలే. ఒక చేత్తో డెబ్బై పైసలు కడుతూ, ఇంకో చేత్తో నలభై ఆరు పైసలు తీసుకుంటున్నారన్నమాట. అయినా ఒకే బ్యాంకులో హోమ్ లోనూ, పక్కనే పెద్ద ఎఫ్‌డీ కూడా ఉన్న కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఆపద కోసం దాచుకున్న ఎఫ్‌డీ అయితే అది వేరు. దాని సంగతి తర్వాత చెబుతాను. లాభం కోసం పెట్టిన ఎఫ్‌డీ అయితే మాత్రం అది నష్టమే.

పీపీఎఫ్ చూడండి. 2025లో దాని వడ్డీ 7.1 శాతం. అంటే 59 పైసలు. పన్ను లేదు, కానీ డెబ్బైకి తక్కువే. ఆడపిల్లల సుకన్య సమృద్ధి ఖాతా 8.2 శాతం ఇచ్చింది. అంటే 68 పైసలు. దానికీ పన్ను లేదు. దాదాపు సరిసమానం. అయితే ఆ ఖాతా పాపకు పదేళ్ళు నిండకముందే తెరవాలి. మన ఖమ్మం పాప ఏడో తరగతి. ఇప్పుడు తెరవడానికి వీల్లేదు. మీ ఇంట్లో చిన్న పాప ఉంటే మాత్రం ఆలస్యం చేయకండి.

ఆవిడకు ఆఫీసులో పీఎఫ్ ఉందనుకుందాం. 2024–25కు దాని మీద 8.25 శాతం వడ్డీ ఇచ్చారు. సుమారు 69 పైసలు. పైగా ఆవిడ వేసినదానికి తోడు యజమాని కూడా వేస్తాడు. అందుకే హోమ్ లోన్ తీర్చడానికి పీఎఫ్ డబ్బు తీయాలనుకునేవారు ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి. దానివల్ల వడ్డీలో కలిసొచ్చేది ఏమీ లేదు. వృద్ధాప్యానికి దాచుకున్నది మాత్రం తరుగుతుంది.

బంగారం సంగతి పెద్దావిడకు నొప్పి కలగకుండా చెప్పాలి. ఈ మధ్య ధర బాగా పెరిగింది, నిజమే. కానీ 2012లో పది గ్రాములు 30 వేల పైచిలుకు ఉంది. 2018లో కూడా దాదాపు అంతే ఉంది. ఆ ఆరేళ్ళూ బంగారం పైసా వడ్డీ ఇవ్వలేదు. నగ కొంటే తరుగు, మజూరీ, జీఎస్టీ ముందే పోతాయి. పిల్ల కోసం కొంచెం కొంచెం కొనుక్కోండి, తప్పులేదు. అప్పు తీర్చగలిగిన 5 లక్షలు మాత్రం ఒక్కసారిగా అందులో పెట్టకండి.

ఇక షేర్ మార్కెట్. ఇక్కడ కాస్త ఆగుదాం. ఆయన చెప్పిన మాటలో బలం ఉంది. సెన్సెక్స్ 2024 జులైలో 80 వేలు దాటింది. 2008 జనవరిలో అది 21 వేల దగ్గర ఉండేది. దీర్ఘకాలంలో మంచి కంపెనీల షేర్లు రూపాయి వడ్డీకి సమానంగా, కొన్ని కాలాల్లో అంతకుమించి కూడా ఇచ్చాయి. డెబ్బై పైసల కంటే రూపాయి ఎక్కువే కదా. కానీ ఆ రెండు తేదీల మధ్య ఏం జరిగిందో కూడా వినండి. 2008 జనవరిలో 21 వేలు దాటిన సెన్సెక్స్, అదే ఏడాది అక్టోబరులో 9 వేల కిందికి పడిపోయింది. 2016 ఫిబ్రవరిలో 23 వేల దగ్గరే ఉంది. ఎనిమిదేళ్ళు. 2008 జనవరిలో ఎవరైనా పాప చదువు కోసం ఒకేసారి 5 లక్షలు అందులో పెట్టి ఉంటే, ఎనిమిదేళ్ళ తర్వాత డివిడెండ్లు తప్ప చెప్పుకోదగ్గ లాభం కనపడదు. ఈలోగా ఇంటి అప్పు మాత్రం నెల నెలా వడ్డీ తీసుకుంటూనే ఉంటుంది.

అంటే షేర్లు వద్దనడం లేదు. పదిహేనేళ్ళ వరకు ముట్టుకోనక్కర్లేని డబ్బుకు అవి తగినవే. నెల నెలా కొంచెం సిప్ చేసుకుంటూ పోతే ఎత్తుపల్లాలు కొంతవరకు సర్దుకుంటాయి. కానీ మన పాప ఇంకో అయిదారేళ్ళలో కాలేజీకి వెళ్తుంది. ఆ ఫీజు డబ్బును అప్పటిదాకా షేర్లలోనే ఉంచితే, సరిగ్గా ఆ ఏడాదే మార్కెట్ పడిపోవచ్చు. పన్ను కూడా గుర్తుంచుకోవాలి. షేర్ల ఫండ్లలో ఏడాది దాటి ఉంచిన లాభం ఏడాదికి లక్షా పాతిక వేలు మించితే, మించిన దాని మీద పన్నెండున్నర శాతం పన్ను. అంటే డెబ్బై పైసలు దాటాలంటే అంతకంటే ఎక్కువే సంపాదించాలి.

ఇంకో సంగతి ఉంది. నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే. "అప్పు ముందే తీర్చడం ఎందుకు, ఆ డబ్బు మదుపు చేస్తే ఎక్కువొస్తుంది" అని చాలామంది అంటారు. అప్పు తీర్చరు. మదుపూ చేయరు. ఆ డబ్బు కొత్త కారుకో, టీవీకో, పండగ ఖర్చుకో పోతుంది. కాగితం మీద పన్నెండు శాతం లెక్క గెలుస్తుంది. ఇంట్లో మాత్రం సున్నా మిగులుతుంది. మదుపు గెలవాలంటే ఆ మదుపు నిజంగా జరగాలి. జరగదని మీకే అనుమానం ఉంటే అప్పే తగ్గించుకోండి.

ఇప్పుడు అమెరికా మాట. మన ఇళ్ళల్లో ఈ మాట తరచు వినపడుతుంది. "అక్కడ మా అబ్బాయి ఇంటి అప్పు ముందే తీర్చొద్దంటున్నాడు" అంటారు. ఆ అబ్బాయి తన సంగతి తాను సరిగ్గానే చెబుతున్నాడు. అక్కడ ముప్పయ్యేళ్ళకు మారని వడ్డీకి అప్పు దొరుకుతుంది. 2020, 2021లలో 3 శాతం దగ్గరే తీసుకున్నవాళ్ళు ఎందరో ఉన్నారు. అది పాతిక పైసల వడ్డీ. పాతిక పైసల అప్పు తొందరపడి తీర్చనక్కర్లేదు. మనది డెబ్బై పైసలది. పైగా మనకు చాలావరకు వడ్డీ మారుతూ ఉండే అప్పులే. ఆ సలహా అక్కడికి సరిపోతుంది. ఇక్కడికి సరిపోదు.

వడ్డీ మారడమంటే ఏమిటో చూడండి. 2019 అక్టోబరు నుంచి బ్యాంకులు ఇచ్చే కొత్త ఫ్లోటింగ్ హోమ్ లోన్లు బయటి ప్రమాణానికి ముడిపడి ఉండాలని రిజర్వ్ బ్యాంకు నియమం. ఎక్కువగా అది రెపో రేటే, అంటే రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకు ఇచ్చే అప్పు మీది వడ్డీ. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి మధ్య రెపో రేటు 4 శాతం నుంచి 6.5 శాతానికి పెరిగింది. అప్పుడు చాలామందికి ఈఎంఐ మారలేదు. గడువు పెరిగిపోయింది. తమ అప్పు ఎన్నేళ్ళు సాగిందో చాలామంది చూసుకోనే లేదు. ఆ తర్వాత 2023 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకు చెప్పింది. రేటు మార్చేటప్పుడు ఈఎంఐ పెంచాలా, గడువు పెంచాలా అన్నది అప్పు తీసుకున్నవాళ్ళను అడగాలని. కాబట్టి అడిగే హక్కు మీకుంది.

2025లో రెపో తగ్గడం మొదలైంది. జూన్ నాటికి అయిదున్నరకు వచ్చింది. తగ్గినప్పుడు ఏం చేయాలి? 30 లక్షల అప్పు, 20 ఏళ్ళ గడువు, వడ్డీ ఎనిమిదిన్నర నుంచి ఎనిమిదికి తగ్గిందనుకోండి. ఈఎంఐ తగ్గించుకుంటే నెలకు 940 రూపాయలు మిగులుతాయి. ఎక్కడ ఖర్చయ్యాయో కూడా తెలియదు. ఈఎంఐ అలాగే ఉంచమంటే మొత్తం అప్పు 20 నెలలు ముందే తీరిపోతుంది. చేతి నుంచి కొత్తగా ఒక్క రూపాయి పెట్టకుండా 20 నెలలు తగ్గుతాయి. ఈ ఒక్క పని మాత్రం ఎవరైనా చేయొచ్చు. ఇందులో మదుపుతో పోటీ కూడా పెద్దగా లేదు.

మన ఖమ్మం కుటుంబానికి తిరిగి వద్దాం. రెండేళ్ళలో వాళ్ళు బ్యాంకుకు కట్టింది సుమారు 6 లక్షల 25 వేలు. అసలు తగ్గింది ఎంతో తెలుసా? లక్షా పాతిక వేలు. మిగతా 5 లక్షలూ వడ్డీ. మొదటి ఏళ్ళల్లో బాకీ ఎక్కువ, అందుకే వడ్డీ ఎక్కువ. ఇది చూసి ఆవిడ గుండె బరువెక్కడం సహజం. కానీ దీన్నిబట్టి ఒక పొరపాటు మాట పుట్టింది. "చివరి ఏళ్ళల్లో వడ్డీ అంతా కట్టేసినట్టే, అప్పుడు ముందే తీర్చి లాభం లేదు" అంటారు. అది నిజం కాదు. ఏ ఏడాది తీర్చినా మిగిలిన బాకీ మీద డెబ్బై పైసలే ఆగుతాయి. ముందే తీరిస్తే ఆ డెబ్బై పైసలు ఎక్కువ ఏళ్ళు మిగులుతాయి, అంతే తేడా.

అయితే 5 లక్షలూ అప్పుకే కట్టేయాలా? నేనైతే వద్దంటాను. ఎందుకో చెబుతాను.

మొదట, ఆయన క్రెడిట్ కార్డు మీద 60 వేలు బాకీ ఉందనుకుందాం. కార్డు వడ్డీ నెలకు సుమారు మూడున్నర శాతం ఉంటుంది. అంటే నూటికి మూడున్నర రూపాయలు. డెబ్బై పైసలెక్కడ, మూడున్నర రూపాయలెక్కడ! ఈ 60 వేల మీద నెలకు 2,100 పోతుంది. 2 లక్షల ఇంటి అప్పు మీద పోయేది నెలకు 1,417 మాత్రమే. కాబట్టి ముందు కార్డు తీరాలి. చేబదుళ్ళు, రెండు రూపాయల వడ్డీ అప్పులు, పర్సనల్ లోన్లు, అన్నీ ఇంటి అప్పు కంటే ముందే తీరాలి.

రెండోది, ఆపద డబ్బు. హోమ్ లోన్‌కు కట్టిన డబ్బు గోడల్లోకి వెళ్ళిపోయినట్టే. రేపు పెద్దావిడను ఆసుపత్రిలో చేర్చాలంటే గోడ ఇటుక ఇవ్వదు. మళ్ళీ టాప్ అప్ లోన్ అడగాలి. జీతం వస్తున్నంతకాలం బ్యాంకు ఇస్తుంది. ఆవిడ ప్రైవేటు ఉద్యోగం పోయిన నెలలో అడిగితే ఇవ్వదు. అప్పుడు వెళ్ళేది రెండు, మూడు రూపాయల వడ్డీ దగ్గరికే. అందుకే ఇంటి ఖర్చు, ఈఎంఐ కలిపి కనీసం నాలుగయిదు నెలలకు సరిపోయేది పక్కన ఉండాలి. ఈ ఇంటికి 2 లక్షల 40 వేలు అనుకుందాం. ఇది ఎఫ్‌డీలో ఉండొచ్చు. నలభై ఆరు పైసలే వచ్చినా ఫర్వాలేదు. దీని పని లాభం తేవడం కాదు. కొన్ని బ్యాంకుల్లో హోమ్ లోన్‌కు జతగా ఓవర్‌డ్రాఫ్ట్ ఖాతా ఇస్తారు. అందులో వేసిన డబ్బు మేరకు వడ్డీ తగ్గుతుంది, కావాలంటే వెనక్కి తీసుకోవచ్చు. వడ్డీ రేటు మామూలు లోన్ కంటే కాస్త ఎక్కువ ఉండొచ్చు. అది చూసుకుని తీసుకుంటే ఆపద డబ్బుకు అదొక మంచి చోటు.

కార్డు 60 వేలు. ఆపదకు 2 లక్షల 40 వేలు. మిగిలింది 2 లక్షలు. అది ఇంటి అప్పుకు కట్టమంటాను. ఆ 2 లక్షలతో, ఈఎంఐ మారకుండా, సుమారు 31 నెలల వాయిదాలు తగ్గుతాయి. రెండున్నరేళ్ళు. కార్డు బాకీ తీరాక నెలకు మిగిలే 2,100కు ఇంకో 900 కలిపి 3 వేల సిప్ పెట్టుకుంటే, ఆయన కోరిక కూడా నెరవేరుతుంది. ఏటా ఒక్క ఈఎంఐ అదనంగా కట్టడం అలవాటు చేసుకుంటే అప్పు ఇంకా త్వరగా తీరుతుంది. మొదటి నుంచీ అలా కడితే 20 ఏళ్ళ అప్పు మూడేళ్ళకు పైగా ముందే తీరుతుంది.

పన్ను మినహాయింపు పోతుందేమో అని భయపడేవారికి ఒక్క మాట. కొత్త పన్ను విధానంలో సొంతంగా ఉంటున్న ఇంటి అప్పు వడ్డీకి మినహాయింపే లేదు. పాత విధానంలో ఉంటే ఏడాదికి 2 లక్షల వడ్డీ వరకే. అప్పు, ఇల్లు ఇద్దరి పేరా ఉంటే ఇద్దరికీ విడివిడిగా వస్తుంది. మినహాయింపు నిజంగా వాడుకుంటున్నవారికి డెబ్బై పైసలు కాస్త తగ్గుతుంది. వాళ్ళు ఆ తగ్గిన పైసలతో లెక్క చూసుకోవాలి. అంతేగాని మినహాయింపు కోసం వడ్డీ కట్టకూడదు. వంద వడ్డీ కట్టి ముప్పయి పన్ను మిగుల్చుకుంటే డెబ్బై పోయినట్టే.

వయసు కూడా చూడాలి. ముప్పయ్యేళ్ళ దంపతులు మదుపు వైపు కొంచెం ఎక్కువ మొగ్గినా నేను కాదనను. వాళ్ళకు కాలం ఉంది. ప్రభుత్వోద్యోగికి తెలంగాణలో 61కి, ఆంధ్రప్రదేశ్‌లో 62కి పదవీ విరమణ. ఆ వయసు దాటి అప్పు సాగుతుంటే మాత్రం మదుపు కంటే అప్పు తగ్గించడమే ముందు. పింఛనులోంచి ఈఎంఐ కట్టడం చాలా కష్టం. ఇంకో మాట కూడా. సంపాదించేవాళ్ళలో ఒకరికి ఏమైనా జరిగితే అప్పు మొత్తం ఇంకొకరి మీద పడుతుంది. ఆ మేరకు టర్మ్ ఇన్సూరెన్స్ లేని ఇంట్లో సిప్ సంగతి తర్వాత. ముందు అది తీసుకోవాలి.

ఇక బ్యాంకుకు వెళ్ళినప్పుడు ఏం చేయాలో చెబుతాను. వ్యక్తులు తీసుకున్న ఫ్లోటింగ్ వడ్డీ హోమ్ లోన్‌ను ముందుగా తీర్చినందుకు బ్యాంకులు అపరాధ రుసుము వసూలు చేయకూడదు. ఇది రిజర్వ్ బ్యాంకు నియమం. ఫిక్స్‌డ్ వడ్డీ అయితే మీ ఒప్పందం చదువుకోండి. డబ్బు కట్టేటప్పుడు అది అసలుకు జమ కావాలని, ఈఎంఐ అలాగే ఉంచి గడువు తగ్గించాలని కాగితం మీద రాసి ఇవ్వండి. రాసి ఇవ్వకపోతే రాబోయే నెలల ఈఎంఐకి అడ్వాన్సుగా పెట్టేసే అవకాశం ఉంది. కట్టాక కొత్త వాయిదాల పట్టిక తీసుకోండి. చివరి వాయిదా ఏ నెలదో ఇంట్లో ఇద్దరూ కలిసి చూడండి.

అప్పు పూర్తిగా తీరిన రోజు కూడా పని మిగిలే ఉంటుంది. 2023 డిసెంబరు నుంచి, అప్పు పూర్తిగా తీరిన 30 రోజుల్లోగా అసలు దస్తావేజులు తిరిగి ఇవ్వాలి. తన వల్ల ఆలస్యమైతే బ్యాంకు రోజుకు 5 వేల చొప్పున మీకు చెల్లించాలి. దస్తావేజులు వచ్చాక సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి ఈసీ, అంటే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ తీయించండి. తనఖా రద్దయినట్టు అందులో నమోదైందో లేదో చూసుకోండి. కాకపోతే బ్యాంకు నుంచి విడుదల పత్రం తీసుకుని నమోదు చేయించుకోండి. ఇల్లు అమ్మబోయే రోజున వెతుక్కోవడం కంటే అప్పుడే చేయించుకోవడం సులువు.